పైకి నొక్కితే కిందికి

స్టేషన్లో యలమంద అన్నం ముట్టలేదు. దుర్గాంబ పంపిన క్యారియర్ మూత కూడా తీయకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, మిరపకాయల టిక్కీ బస్తాని ఒంటిచేత్తో భుజానికెత్తే మనిషి, ఆ క్యారియర్‌ని మాత్రం పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

సుబ్బరావమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తినరా. ఖాళీ కడుపుతో చెప్పిన మాట తూకానికి నిలవదు."

"పెద్దాయన కళ్లు తెరిచాడా అమ్మగారూ?"

"ఇంకా లేదు."

"అయితే నాకెందుకమ్మా అన్నం?"

ఆ మాట పైపైన అన్నదా, లోపల్నుంచి వచ్చిందా అని చూసుకుంది సుబ్బరావమ్మ. భర్త పోయాక ఇరవై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపిన మనిషి ఆవిడ. టిక్కీ మూతి దగ్గర మేలురకం కాయ పోసి అడుగున తాలుకాయ దాచేవాళ్లని చూసి చూసి కన్ను పదునెక్కింది. బీమా కంపెనీల వాళ్లు "దొంగ క్లెయిములు కాస్త చూసిపెట్టండమ్మా" అని వెంటపడితే, కొట్టు కట్టేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆవిడ పద్ధతి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. బస్తా అయినా మనిషైనా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడాలి.

యలమంద అడుగున తాలు తగల్లేదు. కానీ ఏదో ముడి తగిలింది.

"నిన్న సాయంత్రం సంగతి చెప్పు. సి.ఐ.కి చెప్పినట్టు కాదు, దుర్గాంబ వదినకి చెప్పినట్టు చెప్పు."

నల్లపాడు అవతల జానకిరామయ్య గారి కోల్డ్ స్టోరేజీలో బస్తాల లిఫ్టు నడిపేది యలమందే. పదేళ్ల వయసులో వచ్చి ఆ గోడల మధ్యే పెరిగాడు. ఆయన భార్య, పిల్లల్లేని దుర్గాంబ చేతి ముద్దలు తిన్నాడు. జానకిరామయ్యకో అలవాటుంది. పని దిగాక రోజూ తనే చీపురు పట్టుకుని లిఫ్టు గుంటలో రాలిన కాయలు ఊడ్చుకుంటాడు. మిరపకాయ కాలికింద పడటం ఆ ముసలాయన ఒప్పుకోడు.

"పెద్దాయన గుంటలోకి వంగాడమ్మా. లిఫ్టు ఆయన తలకి జానెడు ఎత్తున ఆగుంది. అప్పుడే కరెంటు మార్..." యలమంద నాలిక కరుచుకున్నాడు. "అప్పుడు 'నడుం వంగట్లేదురా, ఇంకాస్త పైకి లేపు' అన్నాడు. పై బటన్ నొక్కాను. అమ్మతోడు, పైదే. లిఫ్టు కిందికొచ్చేసింది. వేలు తీసేలోపే..."

క్యారియర్ మీద నీళ్లు టపటపా రాలాయి.

"అప్పుడే కరెంటు ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. కరెంటుంది. అంతే."

ఆ ముక్కలోనే ముడి ఉంది. ఇంకా లాగితే బిగుసుకుంటుందని ఆవిడ వదిలేసింది.

"అయిందా అమ్మగారూ బేరం?" గుమ్మంలోంచి గొంతు వినపడింది. సి.ఐ. రాఘవ. కుర్రవాడు, చురుకైనవాడు, ఇస్త్రీ మడత నలగనివాడు. "నాలుగింటికి కోర్టులో పెడుతున్నా. ఆ తర్వాత జైలుకొచ్చి చూసుకోండి."

"ఏం రుజువుందని నాయనా?"

"లిఫ్టే రుజువు. పొద్దున పెద్దమనుషుల ముందు నేనే పదిసార్లు నొక్కా. పైది నొక్కితే పైకే పోయింది, కిందది నొక్కితే కిందికే వచ్చింది. మిషను అబద్ధమాడదు కదా. పైగా వీణ్ణి నిన్న పొద్దున ఆయన నలుగుర్లో తిట్టాడంట. బాలు చెప్పాడు."

"తిట్టినందుకల్లా చంపితే మా యార్డులో ఒక్క కమీషన్ వ్యాపారి మిగలడు."

రాఘవ నవ్వలేదు. "ఇది బస్తాకి బొక్క పెట్టి కాయ చూసే వ్యవహారం కాదు. కేసు రివర్స్ చేద్దామని వచ్చారేమో, నా బండికి రివర్స్ గేరుండదు."

"రివర్స్ గేరు లేని బండి సందులోకి దూరితే అక్కడే ఉండిపోద్ది," అని లేచి, సుబ్బరావమ్మ క్యారియర్ మూత తనే తీసింది. పప్పన్నం కలిపి మొదటి ముద్ద యలమంద చేతిలో పెట్టింది. "తిను. సాయంత్రానికి నిన్ను మీ అమ్మగారికి అప్పజెప్పాలి నేను. సన్నబడితే నన్ను తిడుతుంది."

* * *

కోల్డ్ స్టోరేజీలో బస్తాలు దించే షెడ్డులో ఏది ముట్టుకున్నా వేలికి ఎర్రగా అంటుతుంది. ఏళ్ల తరబడి బస్తాల్లోంచి లేచిన దుమ్ము. సుబ్బరావమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

జానకిరామయ్య తమ్ముడి కొడుకు బాలు ఎదురొచ్చాడు. షెడ్డు పెత్తనం అతనిదే. రాత్రంతా నిద్రలేని కళ్లు.

"రండత్తయ్యా. సోడా తెప్పించనా?"

"వద్దులే. నిన్న నువ్వెక్కడున్నావురా అప్పుడు?"

"ఇక్కడే ఉన్నా, కానీ చూళ్లేదు. అదిగో ఆ ఫ్యాను ఉందే, దుమ్మంతా నా మొహాన కొట్టింది. కళ్లు భగభగా మండిపోయినయ్. ఫ్యాను కట్టేసి పంపు దగ్గరికి పరిగెత్తా. కళ్లు కడుక్కుంటుంటే కేక వినపడింది. వచ్చేసరికి యలమంద పెదనాన్నని ఎత్తుకుని ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపు."

"దొంగదని ఎట్టా తెలుసు?"

"నొక్కింది వాడే కదత్తయ్యా."

సుబ్బరావమ్మ లిఫ్టు చూసింది, గుంట చూసింది. గుంట అంచున సగం ఊడ్చిన కాయల కుప్ప అలాగే ఉంది. పక్కనే చీపురు. ఆ కుప్ప దగ్గర ఒక్క క్షణం ఆగింది. కాయ వదలని మనిషి, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

తర్వాత ఫ్యాను దగ్గరికి వెళ్లింది. గోడ కన్నంలో బిగించిన పెద్ద ఫ్యాను, లోపలి దుమ్ముని బయటికి తోసేది. "వేయరా దీన్ని."

బాలు స్విచ్చి నొక్కాడు. ఆవిడ కొంగు చివర ఎత్తి పట్టుకుంది. కొంగు ఫ్యాను వైపు సాగి రెపరెపలాడింది. దుమ్ము చక్కగా బయటికి పోతోంది.

"ఇది బయటికి తోసే ఫ్యాను కదరా. నీ మొహాన ఎట్టా కొట్టింది?"

"ఏమో... ఎదురుగాలి ఏమో."

ఆవిడ ముందుకు నడిచింది. స్విచ్చి బోర్డు ఉన్న చిన్న గదికి తాళముంది. బాలు జేబులోంచి తాళంచెవి తీయడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. లోపల గోడ మీద పైకీ కిందికీ తిప్పే ఇనప పిడి ఒకటి కనిపించింది. పిడి పైకి ఉంది. గదిలో అన్నింటి మీదా ఎర్ర దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంటే, పిడి మాత్రం చేతి వాడకానికి నున్నగా మెరుస్తోంది.

"పైకుంటే స్టోరేజీ కరెంటు. మరి కిందికి లాగితే?"

"అదేం లేదత్తయ్యా. పాతది. పనిచేయదు." బాలు గడియారం చూసుకున్నాడు. "పెదనాన్నకి మందులు తీసుకెళ్లాలి. పెద్దమ్మ ఒక్కతే ఉంది." తాళంచెవి ఆవిడ చేతిలోనే వదిలేసి మోటార్ సైకిలెక్కాడు.

రివర్స్. ఇంగ్లీషు రానివాళ్ల నోట్లోనే ఆ ఇంగ్లీషు మాట ఎక్కువ నలుగుతుంది ఈ నేల మీద. లారీ వెనక్కొస్తే రివర్స్. కుదిరిన బేరం మీద మనిషి నాలిక మడిస్తే రివర్స్. తిన్నది కడుపులో ఇమడకపోతే రివర్స్. ముహూర్తం పెట్టుకున్నాక పెళ్లివారు మొహం చాటేస్తే అదీ రివర్సే. చేలో మోటారు తిరగాల్సిన వైపు కాక ఎదురువైపు తిరిగితే మాత్రం రివర్స్ కొట్టిందంటారు. మనిషి రివర్స్ అయితే వంద సాకులు చెబుతాడు. మోటారుకి సాకుల్లేవు. మూడు వైర్లలో ఏ రెండో అటూ ఇటూ అయ్యుంటాయి, అంతే. ఫ్యాను నిన్న రివర్స్ కొట్టి ఉంటే, అదే తీగ మీద ఉన్న లిఫ్టూ రివర్స్ కొట్టి ఉండాలి. యలమంద మింగేసిన మాట ఈ పిడితో కరెంటు మార్చటమే అయ్యుండాలి.

సెల్ ఫోన్ తీసి ఆస్పత్రిలో ఉన్న దుర్గాంబకి చేసింది.

"వదినా, సూటిగా అడుగుతున్నా. లిఫ్టుకి పొలం కరెంటు వాడతారా?"



"ఎవరు చెప్పారు?" దుర్గాంబ గొంతు సన్నబడింది. "చేలో మోటారుకిచ్చిన కరెంటు వదినా. బోరు ఎండిపోయింది, ఊరికే పోతోంది కదా అని మీ అన్నయ్యే లాగించాడు. పొలాలకి వదిలినప్పుడల్లా పిడి కిందికి లాగుతారు. బయటికి తెలిస్తే దొంగ కరెంటు కేసు. ఈ వయసులో ఆయన పరువు..."

"సి.ఐ. నిలబెట్టి అడిగాడు యలమందని. ఆ ముక్క చెబితే వాడు బయటపడతాడేమో. చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నాలిక కరుచుకున్నాడు."

దుర్గాంబ ఏడుపు ఆపుకునే ప్రయత్నం ఫోనులోంచి తెలుస్తూనే ఉంది. "వెర్రి సన్నాసి. పరువు కోసం జైలుకి పోతాడా? చెప్పేయ్ వదినా. ఊరంతా చెప్పు. పోయిన పరువు మళ్లీ సంపాదించుకుంటాం, వాణ్ణెక్కణ్ణించి తెచ్చుకుంటాను? ఉగాదికి స్టోరేజీ తాళాలు వాడి చేతిలో పెడదామనుకున్నాం. మొన్న బాలుకి కూడా చెప్పాం."

సుబ్బరావమ్మ ఆ చివరి మాటని పక్కన పెట్టుకుంది.

"ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద ఇంకెవరి మోటారుంది?"

"పేరయ్య గారిదొక్కటే."

బయట జీపు ఆగింది. రాఘవ దిగి, గదిలోకి తొంగిచూశాడు.

"ఆధారాలు తారుమారు చేస్తున్నారా అమ్మగారూ?"

"నువ్వు చూడని వాటిని చూస్తున్నా. ఈ పిడి కిందికి లాగితే పొలం కరెంటు. నిన్న లిఫ్టు దాని మీదుంది. ఇవాళ నువ్వు పదిసార్లు నొక్కింది స్టోరేజీ కరెంటు మీద. రెండు తూకాలతో తూచి ఒకటే లెక్కంటే ఎట్టా?"

రాఘవ మొహం ఎర్రబడింది. "అంటే కరెంటు మారితే లిఫ్టు తలకిందులవుద్దా? రోజూ వాడుతున్నదే అయితే రోజూ కిందికి రావాలిగా?"

మంచి ప్రశ్నే వేశాడు. ఆవిడకి కుర్రాడి మీద మొదటిసారి గురి కుదిరింది.

"అందుకే పేరయ్యన్న చేనుకి పోతున్నా. రా, జీపులోనే పోదాం. నా మోకాళ్లు కలిసిరావు."

"తప్పయితే?"

"తప్పయితే నాలుగింటికి నేనే వాణ్ణి కోర్టు మెట్లెక్కిస్తా."

* * *

పేరయ్య చేలో మోటారు నీళ్లు దబదబా పోస్తోంది. మూడో కోతకొచ్చిన మిరప. కాలవ గట్టు మీద నిలబడి పార పట్టుకున్న పేరయ్య, ఖాకీ బట్టలు చూసి పార కింద పెట్టాడు.

"ఏం చెల్లెమ్మా, పోలీసుల్ని వెంటేసుకొచ్చావు? జానకిరామయ్య బానే ఉన్నాడా? పొద్దున ఆస్పత్రికి పోతే లోపలికి పోనివ్వలా."

"ఉన్నాడన్నయ్యా. నీళ్లు బాగా పోస్తందే మోటారు."

"పోయక? కాలిపోతే రివైండింగుకిచ్చి నిన్ననే తెచ్చా." పేరయ్య మొహం వెలిగింది. "నిన్న తెల్లారి బిగించామా, ఆన్ చేస్తే రివర్స్ కొట్టింది. చుక్క నీళ్లు రాలా. చేను చూస్తే వాడుమొహం పట్టింది. నా ప్రాణం పోయిందనుకో."

"మరి స్టార్టరు పెట్టెలో వైర్లు మార్చుకున్నావా?"

"తీద్దామంటే బోల్టులు తుప్పుపట్టి కదల్లా. ఈలోపు కరెంటు పోయింది. ఇదే సందని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికెళ్లి, కింద పెట్టెలోనే రెండు వైర్లు అటూ ఇటూ మార్చేశా. ఎట్టాగూ ఆ గద్దె మీద నాదొక్క మోటారే కదా తిరిగేది, జానకిరామయ్య బోరు ఎండి ఏడాదాయె. సాయంత్రం కరెంటొచ్చింది, బ్రహ్మాండంగా పోసింది."

రాఘవ, సుబ్బరావమ్మ మొహాలు చూసుకున్నారు. రాఘవ పక్కకెళ్లి షెడ్డు దగ్గర వదిలిన కానిస్టేబులుకి ఫోన్ చేశాడు. "పిడి కిందికి లాగు. గుంటలో ఎవరూ లేరుగా? పై బటన్ నొక్కు... ఏంటి? మళ్లీ చెప్పు." ఫోను జేబులో పెట్టుకుని గొంతు తగ్గించి చెప్పాడు. "పైకి నొక్కితే కిందికి దిగుతోందంట."

"ఏంది దిగేది?" అన్నాడు పేరయ్య.

చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది సుబ్బరావమ్మకి. కానీ ఈయనకి ఊళ్లో ఎవరో చెప్పేకంటే తను చెప్పటమే మేలు. జానకిరామయ్య ఆ తీగ నుంచి దొంగచాటుగా లిఫ్టుకి కరెంటు లాక్కున్నాడని, మారిన వైర్ల వల్లే లిఫ్టు కిందికొచ్చిందని నెమ్మదిగా చెప్పింది.

పేరయ్య తడి గట్టు మీద అట్టాగే కూలబడ్డాడు. పంచె బురదైపోయింది.

"అంటే... నేనా? వాణ్ణి నేనా? చిన్నప్పట్నుంచీ ఒక కంచంలో తిన్నాం చెల్లెమ్మా. ఒక్క మాట చెప్పలేదే వాడు, ఆ తీగ సంగతి? చెబితే నేను ముట్టుకుంటానా?"

"నీకు చెబితే నువ్వు తిడతావని భయపడి ఉంటాడు." ఆవిడ పక్కనే గట్టు మీద కూర్చుని ఆయన భుజం మీద చెయ్యేసింది. "చూడన్నయ్యా. నువ్వు చేను బతికించుకోడానికి వైరు మార్చావు. ఆయన ఆదా కోసం తీగ లాగాడు. యలమంద ఆయన నడుం కోసం బటన్ నొక్కాడు. ముగ్గురిలో ఒక్కరికీ చెడు తలపు లేదు. నీ పక్కన తూకం రాళ్లేమీ లేవు, లేనివి మోయకు."

"మరి కేసయిపోయినట్టే," అన్నాడు రాఘవ. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "యలమందని వదిలేస్తా. ఒప్పుకుంటున్నా అమ్మగారూ, నాది తొందరపాటే."

"ఇంకా అవలేదు. పిడి పైకి ఎవరు తిప్పారు?"

రాఘవ చంకలోని టోపీ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"యలమంద పెద్దాయన్ని ఎత్తుకుని ఆస్పత్రికి పోయాడు. అక్కడే నువ్వు పట్టుకున్నావు. నువ్వు పొద్దున వచ్చి నొక్కేసరికి పిడి పైకుంది. గది తాళం బాలు దగ్గరుంది."

"దొంగ కరెంటు బయటపడుద్దని తిప్పి ఉండొచ్చు. కుటుంబం పరువు."

"నేనూ అట్టాగే సర్దుకుందామనుకున్నా. కానీ వాడే చెప్పాడు. ఫ్యాను దుమ్ముని తన మొహాన కొట్టిందని, దాన్ని కట్టేసి పంపు దగ్గరికి పోయానని, ఆ తర్వాతే కేక వినపడిందని. పొలాల్లో పుట్టి పెరిగినోడు నాయనా. ఫ్యాను ఎదురు కొడితే లైను రివర్సయిందని ఈ నేల మీద చంటిపిల్లాడిక్కూడా తెలుస్తుంది. కళ్లు మండినా నోరు మండలేదుగా? పెదనాన్న లిఫ్టు కింద వంగి ఉన్నాడు. 'ఆగు' అని రెండక్షరాలు అరిస్తే సరిపోయేది. తాళాలు యలమందకిస్తున్నారని వాడికి అంతకు ముందే తెలుసు."

రాఘవ ఏదో అనబోయాడు. ఆవిడ ఫోను మోగింది. దుర్గాంబ.

"వదినా! కళ్లు తెరిచాడు! మీ అన్నయ్య కళ్లు తెరిచాడు వదినా!" నవ్వో ఏడుపో తెలియని గొంతు. "మాట రావట్లేదు. యలమంద పేరు చెబితే కళ్లమ్మట ధారగా నీళ్లు. చెయ్యి చాపి వెతుకుతున్నాడు. ఇదిగో, బాలు పాలు కలిపి తెచ్చాడు, తాగమంటే తాగడే? బాలు దగ్గరికొస్తే మొహం తిప్పేసుకుంటున్నాడు. గ్లాసు తోసేస్తున్నాడు. మతి కుదురుకోలేదేమో వదినా, సొంత మనిషిని చూసి భయపడతన్నాడు..."

గుంటలో వంగిన మనిషి తలెత్తి చూసి ఉంటాడు. ఫ్యాను స్విచ్చి దగ్గర అరవకుండా నిలబడ్డ బాలుని చూసి ఉంటాడు.

సుబ్బరావమ్మ రాఘవ చెయ్యి పట్టుకుని జీపు వైపు తోసింది. "ఆస్పత్రికి. పరిగెత్తు." రాఘవ ఎక్కిన జీపు ఆవిణ్ణి గట్టు మీదే వదిలి, దుమ్ము రేపుకుంటూ రోడ్డెక్కింది. ఆవిడ గొంతు మాత్రం చల్లగానే ఉంది. తెగిపోయే బేరాన్ని సాగదీయాలంటే ముందు గొంతు చల్లగా ఉంచుకోవాలి.

"వదినా, ఫోను ఒకసారి బాలుకివ్వు. నువ్వు అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చో. ఒక్క క్షణం కూడా వదలకు."

"ఏంటత్తయ్యా?" బాలు గొంతు. "ఎక్కడున్నారు?"

"పేరయ్యన్న చేలో ఉన్నా నాయనా."

 ఈ చివర మోటారు నీళ్లు పోస్తున్న శబ్దం అతనికి వినపడుతూనే ఉండాలి.

"నీ చేతిలో గ్లాసుంది, ఆ పాలల్లో ఏం కలిపావో నేనడగను. దాన్ని కింద పెట్టు బాలూ. బల్ల మీద పెట్టిన చప్పుడు నాకు వినపడాలి."

ఆవిడ ఎదురుచూసింది. ఊపిరి చప్పుడొక్కటే వస్తోంది. తర్వాత చిన్నపిల్లాడు వెక్కినట్టు ఒక వెక్కు.

"నేనేం చేయలేదత్తయ్యా. ఊరికే నిలబడ్డానంతే. అరవాలనే అనుకున్నా. నోరు తెరిచా కూడా. ఊరికే... నిలబడిపోయా."

"తెలుసురా. నమ్ముతున్నా. గ్లాసు కింద పెట్టు."

"ఇప్పుడు కళ్లు తెరిచాడు. మాటొస్తే అందరికీ చెప్పేస్తాడు."

"చెప్పడు. నీ పెదనాన్నరా ఆయన. పెట్టు నాయనా."

బురదలో కూర్చున్న పేరయ్య లేచి, స్టార్టరు దగ్గరికి నడిచి, ఆ చప్పుడు బాగా వినపడాలని మోటారు కట్టేశాడు. చేనంతా నిశ్శబ్దమైపోయింది. సుబ్బరావమ్మ ఫోను చెవికి అదిమిపెట్టుకుని వింటోంది.

గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఇంకా రాలేదు.